టచ్ పనిచేయని స్మార్ట్‌ఫోన్: లోపం ఎక్కడుందో కనుక్కొని సరిచేసుకునే పద్ధతి

తెర మీద వేలు ఎంత కదిపినా ఫోనులో చలనం లేనప్పుడు దాదాపు అందరూ మొదట చేసే పని దాన్ని రీస్టార్ట్ చేయడం. చాలాసార్లు ఆ ఒక్క పనితోనే ఫోను దారికి వస్తుంది కూడా. అయినా ఈ మార్గదర్శిలో రీస్టార్ట్‌ను మొదటి మెట్టుగా పెట్టలేదు. ఫోను ఆపి మళ్ళీ వెలిగించాక మొదటిసారి తెరవడానికి వేలిముద్ర గానీ ముఖం గానీ చెల్లవు. పిన్, ప్యాటర్న్, పాస్‌వర్డ్‌లలో ఏది పెట్టుకుంటే దాన్ని తెర మీదే కొట్టాలి. తెరలో కొంత భాగం మాత్రమే చచ్చుబడిన ఫోనును వేలిముద్రతో తెరిచి, పనిచేసే భాగంతోనే ఫోటోలనూ పత్రాలనూ మరో చోటికి చేర్చుకోవచ్చు. అదే ఫోనును తొందరపడి రీస్టార్ట్ చేస్తే, పిన్‌లోని ఒక్క అంకె ఆ చచ్చుబడిన భాగంలో పడినా చాలు, లోపలున్నదంతా తాళం వెనక ఉండిపోతుంది. అందువల్ల ముందు లోపం ఏ రకమో చూడాలి, తరువాత అందినంత డేటాను దాచుకోవాలి, ఆపైనే మరమ్మతు జోలికి పోవాలి.

టచ్ అంటే వేలి ఒత్తిడి కాదు

ఇప్పటి ఫోన్లలో ఉన్నది కెపాసిటివ్ టచ్. గాజు కింద ఇండియం టిన్ ఆక్సైడ్ వంటి, కంటికి కనిపించని వాహక పదార్థంతో గీసిన అడ్డగీతలూ నిలువుగీతలూ ఒక వలలా ఉంటాయి. ఆ గీతలు కలిసే ప్రతి చోటా కొద్దిపాటి విద్యుదావేశం నిలిచి ఉంటుంది. మన శరీరం విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కాబట్టి, వేలు దగ్గరికి రాగానే ఆ చోట ఆవేశం కొంచెం మారుతుంది. టచ్ కంట్రోలర్ అనే చిన్న చిప్ ఈ వలనంతటినీ సెకనుకు 120 సార్లో 240 సార్లో తడిమి చూస్తూ, ఎక్కడ మార్పు వచ్చిందో లెక్కకట్టి, ఆ స్థానాన్ని ఫోను సాఫ్ట్‌వేర్‌కు చెబుతుంది. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. బ్రిటన్‌లోని రాయల్ రాడార్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో పనిచేసిన ఇ.ఎ. జాన్సన్ 1965లోనే కెపాసిటివ్ టచ్ తెరను వివరిస్తూ వ్యాసం ప్రచురించారు.

ఈ పనితీరు తెలిస్తే కింద చెప్పబోయే పరీక్షలన్నిటికీ కారణం దానంతటదే అర్థమవుతుంది. కెపాసిటివ్ తెరను గట్టిగా నొక్కితే ఒరిగేది లేదు. ఒత్తిడితో పనిచేసే రెసిస్టివ్ తెరలు వేరే జాతి. వాటి అలవాటుతో బొటనవేలితో అదిమేవారు ఇప్పటికే బీటవారిన గాజును మరింత పగలగొట్టుకుంటారు. నీటిబొట్టు కూడా విద్యుత్ క్షేత్రాన్ని మారుస్తుంది కాబట్టి తడి తెర లేని స్పర్శను ఉన్నట్టు చూపుతుంది. మామూలు చేతితొడుగు విద్యుత్తును ప్రసరింపనీయదు కాబట్టి ఉన్న స్పర్శను లేనట్టు చూపుతుంది. బాగా పొడిబారిన, కాయలు కాచిన వేలికొనల నుంచి వచ్చే సంకేతం బలహీనంగా ఉంటుంది. ఒకరి వేలికి పలకని తెర మరొకరి వేలికి పలికితే ఫోనును అనుమానించడానికి ముందు చేతులు కడుక్కొని, కొంచెం తేమ ఉండగా మళ్ళీ ప్రయత్నించడం మంచిది.

మొదటి మెట్టు: ఆగిపోయింది టచ్ ఒక్కటేనా, ఫోను మొత్తమా?

"టచ్ పోయింది" అని మనం ఒకే మాటగా చెప్పే దాని వెనక నాలుగు వేర్వేరు పరిస్థితులు ఉంటాయి. వాటిని వేరుచేయడానికి తెరను ముట్టుకోవలసిన అవసరం లేదు, పక్కనున్న బటన్లు చాలు.

పవర్ బటన్‌ను ఒకసారి నొక్కి వదలండి. తెర ఆరిపోయి, మళ్ళీ నొక్కితే వెలిగి, గడియారంలో నిమిషాలు మారుతూ ఉంటే ఫోను లోపల బాగానే నడుస్తోందనీ, స్పర్శ ఒక్కటే అందడం లేదనీ అర్థం. బటన్‌కు కూడా పలకకుండా, గడియారం పాత సమయం దగ్గరే నిలిచిపోయి ఉంటే అది టచ్ లోపం కాదు, ఫోను హ్యాంగ్ అయింది. దానికి నేరుగా, నాలుగో మెట్టులో చెప్పినట్టు, బటన్లతో బలవంతపు రీస్టార్ట్ చేయవచ్చు. తెర నల్లగానే ఉండి, మరో ఫోను నుంచి కాల్ చేస్తే రింగ్ వినిపిస్తూ ఉంటే పోయింది డిస్‌ప్లే, అంటే బొమ్మ చూపే భాగం. ఛార్జర్ పెట్టి పావుగంట ఆగినా ఏ గుర్తూ శబ్దమూ లేకపోతే అది బ్యాటరీ లేదా లోపలి సర్క్యూట్ బోర్డు సంగతి, ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

వీటికి తోడు ఒక మాయ లోపం ఉంది. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్ అనేవి చూపు లేనివారి కోసం తెర మీదున్నదాన్ని చదివి వినిపించే సదుపాయాలు. అవి ఆన్ అయి ఉంటే ఒకసారి తాకినప్పుడు ఆ అంశం చుట్టూ గడి మాత్రమే వస్తుంది. తెరుచుకోవాలంటే రెండుసార్లు తట్టాలి. టాక్‌బ్యాక్‌లో పేజీ జరపాలంటే రెండు వేళ్ళు వాడాలి. మా ఇంట్లో ఒక పెద్దాయన ఫోనును ఇలాగే రెండు రోజులు "చెడిపోయిందని" పక్కన పెట్టేశారు. శబ్దం పూర్తిగా తగ్గించి ఉండటం వల్ల అది చదువుతున్న మాటలు ఎవరికీ వినిపించలేదు. తాకిన చోట గడి కనిపిస్తుంటే, ఆండ్రాయిడ్‌లో వాల్యూమ్ బటన్లు రెండింటినీ కలిపి మూడు సెకన్లు పట్టుకుని చూడండి. ఆ షార్ట్‌కట్ ఆన్‌లో ఉన్న ఫోన్లలో టాక్‌బ్యాక్ అక్కడితో ఆగుతుంది. ఐఫోన్‌లో యాక్సెసిబిలిటీ షార్ట్‌కట్ పెట్టుకుని ఉంటే సైడ్ బటన్‌ను, హోమ్ బటన్ ఉన్న మోడల్ అయితే దాన్ని, వెంటవెంటనే మూడుసార్లు నొక్కాలి. లేదా వాయిస్‌ఓవర్ ఆపమని, నోటిమాట విని పనిచేసే ఐఫోన్ సహాయకి సిరికి చెప్పాలి.

రెండో మెట్టు: తెర కొంతైనా పనిచేస్తుంటే ముందు డేటా

టచ్ అప్పుడప్పుడూ పలుకుతున్నా, ఏదో ఒక భాగం మాత్రమే పనిచేస్తున్నా, ఆ అవకాశం రేపటి వరకు నిలుస్తుందన్న భరోసా లేదు. తడి వల్లా దెబ్బ వల్లా వచ్చే లోపాలు మొదట ఒక మూలలో మొదలై క్రమంగా పాకుతాయి. అందుకే ఈ దశలో ఫోనును బాగుచేయాలన్న ఆత్రాన్ని పక్కన పెట్టి, క్లౌడ్ బ్యాకప్ ఆన్‌లో ఉందో లేదో, ఫోటోలు చివరిసారి ఎప్పుడు భద్రమయ్యాయో, చాట్ యాప్‌ల బ్యాకప్ ఎప్పటిదో చూసి, వాటిని వెంటనే నడిపించాలి. రెండంచెల లాగిన్ కోడ్లు ఇచ్చే యాప్ ఈ ఫోనులోనే ఉంటే దాన్ని మరో పరికరానికి మార్చుకోవడం మరవకూడదు. ఫోటోలు పోయిన బాధ కంటే ఖాతాలన్నిటి బయటా నిలబడిపోయిన ఇబ్బందే కొన్నిసార్లు పెద్దదవుతుంది.

కావలసిన బటన్ చచ్చుబడిన భాగంలో ఉంటే ఫోనును అడ్డంగా తిప్పండి. ఆటో రొటేట్ ఆన్‌లో ఉంటే ఆ బటన్ తెర మీద మరో చోటికి, బహుశా పనిచేసే చోటికి, వస్తుంది. ఈ చిన్న ఉపాయం చాలామందిని గట్టెక్కించింది. తెర తనంతట తాను ఆరిపోయే సమయాన్ని కూడా సెట్టింగ్స్‌లో వీలైనంత పెంచండి. పనిచేసే కాసేపూ మళ్ళీ మళ్ళీ తాళం తీసుకోవలసిన అవసరం తప్పుతుంది.

మూడో మెట్టు: బయటి కారణాలు

ఛార్జర్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే దాన్ని అనుమానించేవారు తక్కువ. ఛార్జింగ్‌లో పెట్టినప్పుడే టచ్ మొండికేస్తున్నా, తెర తనంతట తానే నొక్కుకుపోతున్నా, తప్పు తెరది కాకపోవచ్చు. నాసిరకం ఛార్జర్లు విద్యుత్తుతో పాటు అధిక పౌనఃపున్యపు అలజడిని కూడా ఫోనులోకి పంపుతాయి. వేలి వల్ల వచ్చే సూక్ష్మమైన మార్పును కొలవవలసిన కంట్రోలర్ ఆ అలజడినే స్పర్శగా పొరబడుతుంది. దీన్ని తేల్చే పరీక్ష సులువు. ఛార్జర్ తీసేసి చూడండి. తరువాత అదే కేబుల్‌తో పవర్ బ్యాంక్ నుంచి ఛార్జ్ చేస్తూ చూడండి. పవర్ బ్యాంక్‌కు గోడలోని కరెంటుతో సంబంధం ఉండదు కాబట్టి, దానితో ఇబ్బంది రాకుండా గోడ ఛార్జర్‌తోనే వస్తుంటే ఆ ఛార్జర్‌ను మార్చితే సరిపోతుంది. తెర మార్పించుకున్నా లోపం పోలేదని వాపోయేవారిలో కొందరి అసలు సమస్య ఇదే.

తరువాత స్క్రీన్ గార్డ్. మంచి టెంపర్డ్ గ్లాస్ మందం మామూలుగా 0.33 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అంత మందం టచ్‌కు అడ్డు కాదు. అడ్డయ్యేవి గార్డ్‌కూ తెరకూ మధ్య చేరిన గాలి, దుమ్ము, తేమ, అంచుల్లో మాత్రమే జిగురుండి నడుమ ఖాళీ వదిలే రకాలు, ఒకదాని మీద ఒకటి వేసిన రెండు గార్డ్‌లు. గార్డ్ తీయకుండా లోపాన్ని తేల్చలేము. కొత్త గార్డ్ వేసిన రోజు నుంచే సమస్య మొదలైతే ఇక ఆలోచించవలసిన పనే లేదు, తీసేయండి. అయితే కింది గాజు పగిలి ఉందన్న అనుమానం ఉంటే పెంకులు లేచిరావచ్చు కాబట్టి ఆ పని అనుభవమున్నవారికి వదిలేయడం మేలు. గార్డ్ వాడక తప్పదనుకుంటే, శాంసంగ్ ఫోన్లలో డిస్‌ప్లే సెట్టింగ్స్ కింద ఉండే టచ్ సెన్సిటివిటీని ఆన్ చేసుకోవచ్చు. గూగుల్ పిక్సెల్ వంటి మరికొన్ని ఫోన్లలో కూడా గార్డ్ ఉన్నప్పుడు వాడే ఇలాంటి ఎంపిక ఉంటుంది. ఇరుకైన కవర్ అంచులు తెర మీదికి ఎక్కి నొక్కుతున్నా టచ్ తడబడుతుంది, కాబట్టి కవర్ కూడా తీసి చూడాలి.

తెర శుభ్రం చేయడానికి మెత్తని మైక్రోఫైబర్ గుడ్డను కొద్దిగా తడిపి తుడిస్తే చాలు. జిడ్డు వదలకపోతే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన వైప్ వాడవచ్చు. ద్రవాన్ని నేరుగా తెర మీద చల్లకూడదు, బ్లీచ్ వాడకూడదు, గరుకు గుడ్డతో రుద్దకూడదు. వేలిముద్రల జిడ్డు అంటకుండా గాజు మీద వేసిన పలుచని పూత వాటితో పోతుంది.

వేడిమి, చలి సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఐఫోన్‌ను వాడవలసిన పరిసర ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలని ఆపిల్ చెబుతుంది. మిగతా ఫోన్ల స్వభావమూ ఇంచుమించు ఇదే. ఎండలో ఆగిన కారులో వదిలేసిన ఫోను మొండికేస్తే నీడలో ఉంచి దానంతటదే చల్లారనివ్వాలి. ఫ్రిజ్‌లో పెట్టడం వంటి పనులు చేస్తే లోపల తేమ చేరి ఉన్న లోపానికి మరొకటి తోడవుతుంది.

నాలుగో మెట్టు: బలవంతపు రీస్టార్ట్

డేటా భద్రమయ్యాక, లేదా ఫోను పూర్తిగా హ్యాంగ్ అయి వేరే దారి లేనప్పుడు, బటన్లతో రీస్టార్ట్ చేయాలి. దీనివల్ల భద్రపరచిన ఫైళ్ళు చెరిగిపోవు.

ఐఫోన్ 8, ఆ తరువాతి మోడళ్ళలో వాల్యూమ్ పెంచే బటన్‌ను ఒకసారి నొక్కి వెంటనే వదలాలి, తగ్గించే బటన్‌ను కూడా అలాగే నొక్కి వదలాలి, ఆ వెంటనే సైడ్ బటన్‌ను ఆపిల్ గుర్తు కనిపించే వరకు పట్టుకోవాలి. మధ్యలో పవర్ ఆఫ్ స్లైడర్ కనిపించగానే చాలామంది వేలు తీసేస్తారు. తీయకూడదు, గుర్తు వచ్చేదాకా పట్టుకోవాలి. ఐఫోన్ 7లో వాల్యూమ్ తగ్గించే బటన్‌నూ పవర్ బటన్‌నూ కలిపి పట్టుకోవాలి. ఐఫోన్ 6ఎస్, అంతకు ముందు వాటిలో హోమ్ బటన్, పవర్ బటన్ కలిపి పట్టుకోవాలి.

ఆండ్రాయిడ్‌లో కంపెనీని బట్టి పద్ధతి మారుతుంది. శాంసంగ్‌లో పవర్, వాల్యూమ్ తగ్గించే బటన్లు రెండూ కలిపి 7 సెకన్లకు పైగా పట్టుకోవాలి. పిక్సెల్‌లో పవర్ బటన్ ఒక్కదాన్నే సుమారు 30 సెకన్లు పట్టుకోవాలి. మిగతావాటిలో ఈ రెండు పద్ధతుల్లో ఏదో ఒకటి సాధారణంగా పనిచేస్తుంది. 30 సెకన్లంటే వినడానికి తక్కువే, బటన్ పట్టుకున్న వేలికి మాత్రం చాలాసేపు. మనసులో లెక్కపెట్టకుండా గడియారం చూసుకుంటూ పట్టుకోండి.

ఐదో మెట్టు: సాఫ్ట్‌వేర్‌ను తప్పుపట్టాలా, తెరనా?

రీస్టార్ట్ తరువాత టచ్ వచ్చి, కొన్ని గంటలకో రోజులకో మళ్ళీ పోతుంటే అసలు పరిశోధన ఇక్కడ మొదలవుతుంది. అడగవలసిన ప్రశ్న ఒకటే. లోపం గాజు మీది చోటును అంటిపెట్టుకుని ఉందా, లేక యాప్‌తో పాటు కదులుతోందా? ఫోనును నిలువుగా పట్టుకున్నప్పుడు పలకని బటన్ అడ్డంగా తిప్పినప్పుడు పలికి, దాని పాత స్థానంలోకి వచ్చిన మరో బటన్ పలకకుండా పోతే తప్పు తెరది. ఎలా తిప్పినా అదే బటన్ పలకకపోతే, లేదా ఒకే యాప్‌లో ఇబ్బంది వస్తుంటే, తప్పు సాఫ్ట్‌వేర్‌ది.

దీన్ని కంటితో చూడాలంటే ఆండ్రాయిడ్‌లో మంచి సాధనం ఉంది. సెట్టింగ్స్‌లో ఫోను వివరాలు ఉండే చోట బిల్డ్ నంబర్‌ను ఏడుసార్లు తడితే డెవలపర్ ఆప్షన్స్ కనిపిస్తాయి. వాటిలో పాయింటర్ లొకేషన్‌ను ఆన్ చేస్తే వేలు కదిలిన దారి తెర మీద గీతగా పడుతుంది. ఇప్పుడు పై అంచు నుంచి కింది అంచు దాకా, ఖాళీ వదలకుండా, పొలం దున్నినట్టు వరుసగా వేలు లాగండి. చాలా శాంసంగ్ ఫోన్లలో డయలర్‌లో *#0*# కొడితే వచ్చే పరీక్షల పట్టికలో కూడా టచ్ పరీక్ష ఉంటుంది. ఐఫోన్‌లో అయితే నోట్స్ యాప్‌లోని డ్రాయింగ్ పేజీ మీద ఇలాగే గీయవచ్చు. లేదా ఒక యాప్ గుర్తును పట్టుకుని తెరంతా ఈడ్చి, ఎక్కడ జారిపోతుందో గమనించవచ్చు.

గీతలు చెప్పే కథను చదవడం నేర్చుకోవాలి. ఒక అంచు నుంచి మరో అంచు దాకా తిన్నని పట్టీలా గీత తెగిపోతుంటే, వలలోని ఒక వరుసో దాన్ని కంట్రోలర్‌తో కలిపే సన్నని తీగో తెగిందని అర్థం. దాన్ని ఏ సెట్టింగూ బాగుచేయలేదు. వేలు పెట్టని చోట గీతలు పుడుతుంటే తడి, ఛార్జర్, పగిలిన గాజు, లోపలి నుంచి ఒత్తిడి, వీటిలో ఒకటి కారణం. తెరంతా ఒకేసారి పోయి, ఫోనును కొద్దిగా మెలిపెట్టినప్పుడు లేదా అంచు దగ్గర సుతారంగా నొక్కినప్పుడు తిరిగి వస్తుంటే లోపలి కనెక్టర్ వదులైందని గానీ, బోర్డు మీద టంకం (సోల్డర్) విడిందని గానీ అనుమానించాలి. గీతలన్నీ ఏ తెగుదలా లేకుండా చక్కగా పడి, మామూలు వాడకంలో మాత్రం ఇబ్బంది ఉంటే తెరను నిర్దోషిగా వదిలేసి సాఫ్ట్‌వేర్ వైపు చూడవచ్చు.

సాఫ్ట్‌వేర్ వైపు మొదట చూడవలసింది నిల్వ స్థలం. స్టోరేజీ నిండిపోయిన ఫోను స్పర్శను అందుకుంటుంది గానీ స్పందించడానికి సెకన్లు తీసుకుంటుంది. అది టచ్ లోపంలా కనిపిస్తుంది. రెండోది తెర మీద మరో పొరలా కూర్చునే యాప్‌లు: కంటికి హాయి కోసం రంగు పొర వేసేవి, తేలుతూ ఉండే బుడగలు, తెరను రికార్డు చేసేవి. ఇవి కింది యాప్‌కు అందవలసిన స్పర్శకు అడ్డుపడగలవు. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి, నమ్మదగని పొర గుండా వచ్చిన స్పర్శను భద్రత కోసం వ్యవస్థే అడ్డుకుంటుంది. అలాంటప్పుడు తెర బాగానే ఉండి బటన్లు మాత్రం మొండికేస్తాయి.

ఇలాంటి యాప్‌ను పట్టుకోవడానికి ఆండ్రాయిడ్‌లోని సేఫ్ మోడ్ వాడాలి. టచ్ పనిచేస్తుంటే చాలా ఫోన్లలో పవర్ మెనూలోని ఆపివేసే గుర్తును నొక్కి పట్టుకుంటే ఆ ఎంపిక వస్తుంది. పనిచేయకపోతే ఫోను వెలిగేటప్పుడు కంపెనీ గుర్తు కనిపించగానే వాల్యూమ్ తగ్గించే బటన్‌ను పట్టుకోవాలి. సేఫ్ మోడ్‌లో మనం వేసుకున్న యాప్‌లు నడవవు. అందులో టచ్ సవ్యంగా ఉంటే ఇటీవల వేసిన యాప్‌లను ఒక్కొక్కటిగా తీసేస్తూ రావాలి. హోమ్ తెర మీది విడ్జెట్లు కొన్ని చెదిరిపోవచ్చు కాబట్టి వాటి అమరికను ముందే గుర్తుంచుకోండి. ఐఫోన్‌లో ఇలాంటి మోడ్ లేదు. అక్కడ యాక్సెసిబిలిటీలోని టచ్ సెట్టింగ్స్‌లో టచ్ అకామడేషన్స్ (స్పర్శకు తెర స్పందించే తీరును మార్చే సదుపాయం) పొరపాటున ఆన్ అయి ఉందేమో చూడాలి.

అప్‌డేట్ చేసిన వెంటనే టచ్ పోతే ఒక పాత ఉదంతం గుర్తుంచుకోదగ్గది. 2018లో ఐఫోన్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11.3 వచ్చినప్పుడు, బయట దొరికే అసలు కాని డిస్‌ప్లేలు వేయించుకున్న ఐఫోన్ 8లలో కొన్నిటికి టచ్ పనిచేయడం మానేసింది. కొద్ది వారాలకు వచ్చిన 11.3.1తో అది సరయింది. అంటే తెర గతంలో ఎప్పుడైనా మార్పించి ఉంటే, అప్‌డేట్ తరువాత వచ్చిన లోపానికి మరో అప్‌డేట్ మందు కావచ్చు. వెంటనే మళ్ళీ తెర కొనడం తొందరపాటవుతుంది.

టచ్ పూర్తిగా పోయిన ఫోనులోకి వెళ్ళే దారులు

ఆండ్రాయిడ్ ఫోనుకు ఓటీజీ అడాప్టర్ (ఫోను ఛార్జింగ్ రంధ్రానికి యూఎస్‌బీ పరికరాలను కలిపే చిన్న ముక్క) ద్వారా మామూలు యూఎస్‌బీ మౌస్ తగిలిస్తే తెర మీద బాణం గుర్తు వస్తుంది. పిన్ కొట్టడం నుంచి బ్యాకప్ దాకా అన్నీ దానితోనే చేసుకోవచ్చు. నా దృష్టిలో టచ్ పోయిన ఫోనుకు ఇంతకు మించిన మొదటి చికిత్స లేదు. కొన్ని ఫోన్లలో ఓటీజీని సెట్టింగ్స్‌లో ముందే ఆన్ చేసి ఉంచితేనే మౌస్ పలుకుతుంది. అడాప్టర్ స్థానంలో చిన్న యూఎస్‌బీ హబ్ వాడితే మౌస్‌తో పాటు పెన్‌డ్రైవ్ కూడా తగిలించి, ఫైళ్ళను నేరుగా అందులోకి దించుకోవచ్చు. డెవలపర్ ఆప్షన్స్‌లో ఉండే, కంప్యూటర్ నుంచి ఫోనుకు ఆదేశాలు పంపనిచ్చే యూఎస్‌బీ డీబగ్గింగ్‌ను ముందే ఆన్ చేసి, ఇంటి కంప్యూటర్‌ను ఫోను నమ్మేలా ఆమోదించి ఉంచినవారు కంప్యూటర్ నుంచే తెరను నడిపించవచ్చు. ముందు చేయనివారికి ఇప్పుడు ఆ దారి లేదు.

ఐఫోన్‌లో 2019 నాటి ఐఓఎస్ 13 నుంచి, యాక్సెసిబిలిటీలో ఉండే అసిస్టివ్‌టచ్ అనే సదుపాయం ద్వారా మౌస్ వాడే వీలుంది, నోటిమాటతో ఫోనును నడిపించే వాయిస్ కంట్రోల్ కూడా అప్పుడే వచ్చింది. టచ్ పోయినా ఫోనును ఇంకా రీస్టార్ట్ చేయకుండా ఉంటే, ముఖంతోనో వేలిముద్రతోనో తాళం తీసి, వాయిస్ కంట్రోల్ ఆన్ చేయమని సిరిని అడగవచ్చు. తాళం వేసి గంట దాటిన ఐఫోన్ కొత్తగా తగిలించిన యూఎస్‌బీ పరికరాలను ఆమోదించదు కాబట్టి, రీస్టార్ట్ అయి పాస్‌కోడ్ దగ్గర ఆగిన ఐఫోన్‌కు మౌస్ ఆసరా దాదాపు లేనట్టే. రీస్టార్ట్ విషయంలో మొదట్లో చేసిన హెచ్చరిక ఐఫోన్ వాడేవారికి మరింత వర్తిస్తుంది.

వెంటనే ఆగవలసిన రెండు సందర్భాలు

తెర ఒక అంచున ఫ్రేము నుంచి లేచినట్టు కనిపిస్తున్నా, వెనక మూత ఉబ్బినా, చదునైన బల్ల మీద పెట్టినప్పుడు ఫోను ఊగుతున్నా, బ్యాటరీ ఉబ్బి లోపలి నుంచి తెరను నెడుతోందని అర్థం. టచ్ తప్పులు దానికి లక్షణం మాత్రమే. అప్పుడు ఛార్జింగ్ ఆపాలి, ఫోను ఆఫ్ చేయాలి, లేచిన తెరను అదిమి కూర్చోబెట్టే ప్రయత్నం చేయకూడదు. లిథియం బ్యాటరీకి చిల్లు పడినా నలిగినా మంటలు రావచ్చు. కాలే వస్తువులకు దూరంగా ఉంచి, సర్వీసు కేంద్రానికి తీసుకువెళ్ళాలి.

రెండోది నీరు. తడిసిన ఫోనును ఆఫ్ చేసి, పైనున్న తడి తుడిచి, ఛార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా గాలి తగిలే చోట ఆరనివ్వాలి. పూర్తిగా ఆరే వరకు ఛార్జర్ పెట్టకూడదు. బియ్యంలో పెట్టవద్దని, పొడి రేణువులు లోపలికి చేరి హాని చేయవచ్చని ఆపిల్ తన సహాయ పత్రాల్లోనే చెబుతుంది. హెయిర్ డ్రయర్ కూడా వద్దు. ఆరిన వెంటనే టచ్ వచ్చినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. కనెక్టర్ల మీద తుప్పు పట్టడానికి రోజులు పడుతుంది, కాబట్టి తిరిగి వచ్చిన ఆ టచ్‌ను బ్యాకప్ కోసం వాడుకోవాలి.

ఫ్యాక్టరీ రీసెట్ గురించి

ఇది సాఫ్ట్‌వేర్ వైపు ఆఖరి మెట్టు, అందరూ అవసరానికి మించి సలహా ఇచ్చే మెట్టు కూడా ఇదే. గీతల పరీక్షలో తిన్నని పట్టీలా టచ్ తెగిపోయిన ఫోనుకు రీసెట్ చేస్తే డేటా పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. లోపం కచ్చితంగా సాఫ్ట్‌వేర్‌దేనని తేలి, బ్యాకప్ పూర్తయి, ఫోనులోని ఖాతా పాస్‌వర్డ్ గుర్తుంటేనే దీనికి పూనుకోవాలి. ఆండ్రాయిడ్ 5.1 నుంచి, రికవరీ (ఫోను వెలిగేటప్పుడు బటన్లతో తెరిచే మరమ్మతు మెనూ) ద్వారా రీసెట్ చేసిన ఫోను పాత గూగుల్ ఖాతా వివరాలు అడుగుతుంది. ఐఫోన్‌లో యాక్టివేషన్ లాక్ ఇదే పని చేస్తుంది. టచ్ లేకుండా ఆ వివరాలు కొట్టడం ఎలాగో కూడా ముందే ఆలోచించుకోవాలి. ఐఫోన్‌ను రికవరీ మోడ్‌లో కంప్యూటర్‌కు కలిపినప్పుడు రెండు ఎంపికలు వస్తాయి. మొదట అప్‌డేట్ ఎంచుకోవాలి, అది డేటాను చెరపకుండా వ్యవస్థను మళ్ళీ ఎక్కించడానికి ప్రయత్నిస్తుంది. రిస్టోర్ మాత్రం అన్నిటినీ తుడిచేస్తుంది.

మరమ్మతుకు ఇచ్చేటప్పుడు

ఇప్పటి ఫోన్లలో టచ్ వల డిస్‌ప్లేలోనే కలిసిపోయి ఉంటుంది కాబట్టి, చాలా మోడళ్ళలో బొమ్మ బాగున్నా టచ్ కోసం మొత్తం భాగాన్ని మార్చవలసిందే. కానీ అన్ని టచ్ లోపాలూ తెరవి కావు. ఐఫోన్ 6 ప్లస్‌లో వచ్చిన టచ్ వ్యాధికి మూలం బోర్డు మీది టచ్ చిప్‌ల దగ్గర ఉంది. తెర మార్చినా అది తిరిగివచ్చేది. ఆ ఫోన్లకు ఆపిల్ 2016 నవంబరులో ప్రత్యేక మరమ్మతు కార్యక్రమం ప్రకటించింది. 2018 నవంబరులో ఐఫోన్ ఎక్స్‌కు, 2020 డిసెంబరులో ఐఫోన్ 11లో కొన్నిటికి వచ్చిన కార్యక్రమాలు మాత్రం డిస్‌ప్లే భాగంలోని లోపం గురించినవి. బయటికి ఒకేలా కనిపించే జబ్బుకు మూలం వేర్వేరు చోట్ల ఉండవచ్చు కనుక, కొత్త తెరను అతికించక ముందే కనెక్టర్‌కు తగిలించి టచ్ పరీక్షించి చూపమని అడగండి. పాత కనెక్టర్‌ను ఊడదీసి మళ్ళీ బిగించినంత మాత్రాన సరయ్యే సందర్భాలు కూడా ఉంటాయి, ముఖ్యంగా ఫోను కిందపడిన తరువాత వచ్చిన లోపాల్లో. మీ మోడల్‌కు కంపెనీ ఉచిత కార్యక్రమం ఏదైనా ప్రకటించిందేమో డబ్బు చెల్లించే ముందే దాని వెబ్‌సైట్‌లో చూసుకోవాలి.

ఫోను ఇచ్చే ముందు, వీలైతే శాంసంగ్‌లోని మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లోని రిపేర్ మోడ్ ఆన్ చేయండి. అప్పుడు పాస్‌వర్డ్ చెప్పకుండానే, మీ ఫోటోలు కనిపించకుండానే, సాంకేతిక నిపుణుడు ఫోనును పరీక్షించగలుగుతాడు. వేసే భాగం కంపెనీదా, బయటి తయారీనా అన్నది ముందే అడిగి బిల్లు మీద రాయించుకోండి. ఐఫోన్ 11, ఆ తరువాతి చాలా మోడళ్ళలో ఐఓఎస్ 15.2 నుంచి సెట్టింగ్స్‌లోని అబౌట్ పేజీలోనే మార్చిన భాగాల చరిత్ర కనిపిస్తుంది. తెర తీసి వేసిన ఫోనుకు నీటిని ఆపే జిగురు పాత బలంతో ఉంటుందని నమ్మకూడదు. తెర కిందే వేలిముద్ర సెన్సర్ ఉన్న ఫోన్లలో దాన్ని కొత్త తెరకు సరిపడేలా మళ్ళీ కాలిబ్రేట్ చేశారో లేదో, కొత్త వేలిముద్ర నమోదవుతోందో లేదో అక్కడే చూడాలి.

ఫోను చేతికి వచ్చాక కౌంటర్ దగ్గరే పాయింటర్ లొకేషన్ ఆన్ చేసి, నాలుగు అంచుల వెంబడీ, రెండు మూలల మధ్య ఏటవాలుగానూ గీతలు లాగండి. కాల్ చేసి ఫోనును చెవి దగ్గర పెట్టుకున్నప్పుడు తెర ఆరిపోతోందా, తీయగానే వెలుగుతోందా చూడండి. ఆ తరువాత ఛార్జర్ తగిలించి అవే గీతలు మరోసారి లాగండి. అన్నీ తెగకుండా పడ్డాకే పాత డిస్‌ప్లేను వదిలి రండి.